శాస్తి: ఎక్కడ అనాలి, ఎక్కడ అనకూడదు

మాటల్లో "తగిన శాస్తి జరిగింది" అని తడుముకోకుండా అనేస్తాం. రాసేటప్పుడే ఈ మాట తరచూ వెళ్లి శిక్ష చోట కూర్చుంటుంది. శిక్ష ఎవరికైనా పడొచ్చు, ఏ పాపం ఎరగనివాడికి కూడా. శాస్తి మాత్రం చేసినవాడికే, చేసినదానికి తగ్గట్టే జరుగుతుంది. పైగా చెప్పేవాడు లోపల "బాగా అయింది" అనుకుంటూ చెబుతాడు. ఈ చివరిది లేకపోతే అది శాస్తి కాదు.

మూలం సంస్కృతంలోని "శాస్" ధాతువు. ఏలడం, అదుపులో పెట్టడం, బోధించడం దాని అర్థాలు. శాసనం, శాస్త్రం, శిష్యుడు దీని చుట్టాలే. బెంగాలీలో శాస్తి అంటే మామూలు శిక్ష, కోర్టు వేసేది కూడా అదే. కన్నడంలో మనలాగే "తక్క శాస్తి" అంటారు.

ఇక వాక్యంలో ఎలా పెట్టాలి? మనిషి పక్కన "కి" లేదా "కు" రావాలి, క్రియగా జరుగు, అగు, చేయు రావాలి. "వాడికి తగిన శాస్తి జరిగింది", "బాగా శాస్తి అయింది", "ఊరంతా కలిసి వాడికి శాస్తి చేశారు". కారణం కూడా చెప్పాలంటే "చేసినదానికి", "అన్నందుకు" అని ముందు తగిలిస్తే చాలు. విధించు, పడు, వేయు మాత్రం శిక్షవే. అందుకే "కోర్టు అతనికి మూడేళ్ల శాస్తి విధించింది" అంటే పంటికింద రాయిలా తగులుతుంది. "మూడేళ్ల జైలుశిక్ష విధించింది" అనాలి. ఆ తీర్పు విన్న బాధితురాలి తల్లి "వాడికి తగిన శాస్తి జరిగింది" అంటే అది సరైన వాడుక. విలేకరి దాన్ని ఆమె మాటగా కొటేషన్‌లోనే ఉంచాలి, తన మాటగా రాస్తే పక్షం తీసుకున్నట్టే. కేసు ఇంకా తేలకముందే నిందితుడికి ఈ మాట తగిలించడం మరీ తప్పు.

అనుమానం వస్తే చిన్న పరీక్ష ఉంది. వాక్యం ముందు "అయ్యో పాపం" పెట్టి చూడండి. అతికితే శాస్తి పనికిరాదు. రాంగ్‌రూట్‌లో దూసుకొచ్చి, అడ్డొచ్చినవాళ్లనే తిట్టినవాడి బండి పది గజాల అవతల బురదలో దిగబడింది. ఇక్కడ "అయ్యో పాపం" నోటికి రాదు, శాస్తి వస్తుంది. అదే మనిషికి కాలు విరిగిందనుకోండి, తప్పుకీ దెబ్బకీ తూకం పోయింది. అప్పుడు శాస్తి అన్నవాడే చెడ్డవాడిలా కనిపిస్తాడు. నిజజీవితంలో జబ్బు, చావు సంగతుల్లో ఈ మాట జోలికి పోకపోవడమే మంచిది.

పురాణాల్లో చూస్తే తేడా ఇంకా తేటగా ఉంటుంది. ద్రౌపదిని వేధించిన కీచకుడికి భీముడి చేతిలో జరిగింది శాస్తి. ఏనుగు అనుకుని ముని కుమారుణ్ణి బాణంతో కొట్టిన దశరథుడికి తగిలింది శాపం. అక్కడ పొరపాటే ఉంది, పొగరు లేదు. శిశుపాలుడి నూరు తప్పులు నిండటం పాపం పండటం, ఆ తర్వాత చక్రం తగలడం శాస్తి.

దగ్గరి మాటల్లో గుణపాఠం వేరు: దెబ్బ తిన్నవాడు ఏదో నేర్చుకోవాలి. శాస్తికి ఆ షరతు లేదు, వాడు మారకపోయినా శాస్తి శాస్తే. ప్రాయశ్చిత్తం తనంతట తాను చేసుకునేది. నోటిమాటలో ఇంకా ఘాటు కావాలంటే "తిక్క కుదిరింది", "రోగం కుదిరింది" ఉన్నాయి. తెలంగాణలో "మంచిగైంది" అన్నా చాలు, సాగదీసే తీరులోనే అర్థమంతా ఉంటుంది. "చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ" కాస్త చల్లగా, దూరంగా నిలబడి అనే మాట.

రాతలో "శాస్థి" అని ఒత్తు పెట్టకండి. "శాస్త్రి" అని టైపయితే ఎవరి పేరో అయి కూర్చుంటుంది.