ఫోన్‌లో మన మాట మనకే తిరిగి వినిపిస్తుంటే

మా బావకు తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ ఉంది. అనంతపురం నుంచి నేను ఎప్పుడు ఫోన్ చేసినా నా మాటే కాస్త ఆలస్యంగా నాకు వినపడేది, ఆయన గొంతేమో బావిలోంచి వచ్చినట్టు ఉండేది. అందరూ సిగ్నల్‌ను తిడతారు గానీ, మన గొంతు మనకే వినిపిస్తోందంటే చాలాసార్లు తేడా అవతలి ఫోన్‌లోనే ఉంటుంది. అక్కడి స్పీకర్‌లో వచ్చే మన మాటను అక్కడి మైకే పట్టుకుని వెనక్కి పంపిస్తుంది.

పోయిన ఆదివారం వెళ్లి ఆ ఫోన్ చూశాను. చార్జింగ్ పిన్ను పక్కనుండే మైకు రంధ్రంలో బూడిదరంగు బండల పొడి చెమటకు తడిసి గట్టిగా అతుక్కుపోయి ఉంది. పైనుండే రెండో మైకు చుట్టుపక్కల గోల తగ్గించడానికి, దాన్నేమో మందపాటి రబ్బరు కవరు పూర్తిగా మూసేసింది. కవరు పీకేసి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దాను. సూది మాత్రం పెట్టొద్దు, లోపలి పలచని పొర చిరుగుతుంది. ఫుల్లుగా ఉన్న కాల్ వాల్యూమ్ కూడా తగ్గించాను. ఎకో, అంటే నా మాట నాకే తిరిగి వినిపించడం, పోయింది!

ఇక ఆయన గొంతు సంగతికొస్తే, ఆయన ఫోన్‌లో వోల్టీ, అంటే 4జీ కాలింగ్, ఆఫ్‌లో ఉంది. పాత పద్ధతి కాల్‌లో 300 నుంచి 3400 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత) దాకానే వినిపిస్తుంది, వోల్టీ రెండువైపులా ఉంటే దాదాపు 7000 దాకా వెళ్తుంది. ఆన్ చేశాక "స", "ఫ" కూడా విడివిడిగా తెలుస్తున్నాయి.

ఇవన్నీ చేసినా ఎకో వస్తుంటే బ్లూటూత్ ఆపి ఇంకో నంబర్‌కు చేసి చూడండి.