ఆఫీసులో నెట్ స్లో, మధ్యమధ్యలో కట్: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

నెట్ మొరాయించగానే అందరం చేసేది నెట్ కంపెనీకి ఫోన్ కొట్టడమే. దానికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: తప్పు మన ఆఫీసు లోపలా, బయట లైన్‌లోనా?

వైర్‌తో కలిపిన ఒక కంప్యూటర్‌లో రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదాంట్లో రౌటర్‌కి (ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది), రెండోదాంట్లో 8.8.8.8కి (ఇది బయట ఉండే గూగుల్ సర్వర్) పింగ్ పెట్టండి, అంటే అవతలి నుంచి జవాబు వస్తోందా అని అడిగే కమాండ్ ఇవ్వండి. ఆపేదాకా నడిచేలా పెట్టి పని చేసుకోండి. నెట్ పోయినప్పుడు రెండూ ఆగిపోతే తప్పు లోపలే. రౌటర్ జవాబిస్తూ రెండోది మాత్రమే ఆగితే తప్పు బయట. రెండూ బాగానే నడుస్తున్నా సైట్లు తెరుచుకోకపోతే ముందు డీఎన్ఎస్ (సైటు పేరుని అడ్రస్‌గా మార్చి చెప్పే సర్వర్) మార్చి చూడండి.

ఒక్క సిస్టమ్‌కే సమస్య

నూటికి తొంభై కేబులే అనుకుని మొదలుపెట్టండి. విశాఖలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది: ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపో, రుషికొండ దగ్గరో కిటికీలు తెరిచి ఉంచే ఆఫీసుల్లో జాక్‌ని ఊడదీసి ఫోన్ టార్చ్ కింద చూడండి. బంగారు రంగులో మెరవాల్సిన పిన్నుల మీద పచ్చటి పొడి, నల్లటి మచ్చలు కనిపిస్తాయి. చవక జాక్‌లకు బంగారు పూత పేరుకే ఉంటుంది. అది పోయాక కింది లోహం చిలుము పడుతుంది. కేబుల్ కదిపితే నెట్ వస్తుంది, వదిలేస్తే పోతుంది. బ్లేడుతో గీకొద్దు, మిగిలిన పూత కూడా పోతుంది. రెండంగుళాలు కోసేసి కొత్త జాక్ క్రింప్ చేయించండి. గోడలోని పోర్టు కూడా చూడండి, చాలామంది దాన్ని వదిలేస్తారు.

నెట్ కట్ అవకుండా స్లోగా మాత్రమే ఉంటే, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. స్విచ్ (ఆఫీసు కేబుళ్లన్నీ వచ్చి కలిసే డబ్బా), కంప్యూటర్ రెండూ గిగాబిట్‌వే అయినా 100 ఎంబీపీఎస్ చూపిస్తోందంటే కేబుల్‌లోని నాలుగు జతల్లో ఏదో ఒకటి తెగి ఉండొచ్చు. 100కి రెండు జతలు (1, 2, 3, 6 పిన్నులు) చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. తీగ చివర గీరితే లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటి కేబుల్‌కి మళ్లీ మళ్లీ జాక్ వేయించడం డబ్బు దండగ, మొత్తం మార్పించండి.

అందరికీ ఒకేసారి స్తంభించిపోతే

స్విచ్ లైట్లన్నీ ఆగకుండా ఒకేలా టపటపలాడుతుంటే లూప్ పడినట్టే, అంటే అదే సమాచారం స్విచ్ చుట్టూ ఆగకుండా తిరుగుతున్నట్టే. టేబుళ్లు జరిపేటప్పుడు ఎవరో మంచి మనసుతో, వేలాడుతున్న కేబుల్ కొసని అదే స్విచ్‌లో గుచ్చేసి ఉంటారు. ఒక్కో కేబుల్ పీకుతూ పోండి, ఏది తీయగానే లైట్లు నెమ్మదిస్తాయో అదే దొంగ. మేనేజ్డ్ (సెట్టింగ్స్ మార్చుకోగలిగే) స్విచ్ అయితే లూప్‌ని ఆపే స్పానింగ్ ట్రీ ఆన్ చేయించండి.

169.254తో మొదలయ్యే ఐపీ వస్తే

రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. కేబుల్ బాగుంటే, అడ్రస్‌లు అయిపోయి ఉండొచ్చు. సిబ్బంది ఫోన్లన్నీ అందులో వాటా తీసుకుంటాయి కదా, లీజ్ టైమ్ (ఒక అడ్రస్ ఒక ఫోన్ పేరున ఉండే గడువు) తగ్గించండి. కొందరికి మాత్రం రౌటర్ అడ్రస్‌గా వేరే గేట్‌వే కనిపిస్తోందంటే ఎవరో ఇంటి పాత రౌటర్ తెచ్చి తగిలించారు, వెతకండి.

వైఫై మాత్రమే ఏడిపిస్తే

ద్వారకానగర్ కాంప్లెక్సుల్లో ఫోన్ తెరిస్తే పక్క ఆఫీసుల వైఫైలన్నీ వరుసగా కనిపిస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. 2.4 తప్పదంటే 1, 6, 11 ఛానెళ్లలో రద్దీ తక్కువున్నది పెట్టండి. రౌటర్ ఇనుప బీరువా వెనక ఉంటే ముందు అక్కణ్నుంచి తీయండి.

రోజూ ఒకే వేళకి స్లో అయితే

ఎవరో బ్యాకప్ ఎక్కిస్తుంటారు, లేదా సీసీ కెమెరాలు క్లౌడ్‌కి పంపుతుంటాయి. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా మూలుగుతుంది. రౌటర్‌లో ఆ డివైస్‌కి పరిమితి పెట్టండి, బ్యాకప్‌ని రాత్రికి మార్చండి.

తప్పు బయటే అని తేలితే

ఫైబర్ డబ్బా మీద లాస్ (LOS, సిగ్నల్ రావట్లేదని చెప్పేది) లైట్ ఎర్రగా వెలిగితే ఫైబర్ తెగింది, లేదా మరీ మెలిపడింది. మీ గదిలోనే అల్మారా కింద నలిగిందేమో చూశాకే కంప్లైంట్ పెట్టండి. లైట్ ఎర్రగా లేకుండా నెట్ పోయి రెండు నిమిషాల్లో తిరిగొస్తుంటే రౌటర్ పేజీలో, ఆన్ అయి ఎంతసేపైందో చెప్పే అప్‌టైమ్ చూడండి. అది సున్నా నుంచి మొదలై ఉంటే తప్పు నెట్‌ది కాదు, కరెంటుది. అడాప్టర్ మార్చండి, లేదా డబ్బా, రౌటర్, స్విచ్ మూడింటినీ యూపీఎస్‌కి ఎక్కించండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి రెండో లైన్ ఎందుకో చెప్పనక్కర్లేదు. కానీ రెండు కంపెనీలవీ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే ఒకే చెట్టు రెండింటినీ తెంపేస్తుంది. అందుకే లైన్ తీసుకునేటప్పుడు ప్లాన్ రేటుతో పాటు వైరు ఏ వీధి నుంచి వస్తుందో కూడా అడగండి. రెండూ ఒకే దారి అయితే రెండోదానికి బదులు సిమ్ పట్టే రౌటర్ కొనుక్కోవడం మేలు.