ఆపిల్‌కి ఆకు తీస్తేనే పూత వచ్చింది

కడియం నర్సరీలో కొన్న, తక్కువ చలి చాలే అన్నా రకం ఆపిల్ ఏపుగా పెరిగింది గానీ పూత లేదు. పక్కనున్న ప్రిమ్‌రోజ్ అనే చలిప్రాంతపు పూలమొక్క మధ్యాహ్నానికే వాడిపోయేది. ఎరువులు, బెల్లం నీళ్లు, కుండీ మార్చడం ఏవీ పనిచేయలేదు.

ఆపిల్‌కి రోజంతా ఎండ, ఆకు రాల్చి నిద్రపోయేంత చలి కావాలి. మన డెల్టాలో ఆ చలి ఎక్కడిది! డిసెంబరులో ముందు నీళ్లు తగ్గించాను. తర్వాత ఆకులన్నీ కత్తెరతో తీశాను, కణుపులో మొగ్గకు దెబ్బ తగలకుండా తొడిమ కాస్త మిగిల్చి. నిటారు కొమ్మల్ని పురికొసతో పక్కకు వంచి కట్టి, అప్పుడు మళ్లీ నిండుగా నీళ్లు పెట్టాను. గులాబీ మొగ్గలు వచ్చాయి. ఇండోనేషియాలోని బాటు రైతులదీ ఇదే పద్ధతి.

ప్రిమ్‌రోజ్‌ని తూర్పు అరుగు మీదికి మార్చాను. పొద్దుటెండ చాలు, తడి ఆరకూడదు. మార్చి నెల వేడికి ఎలాగూ చచ్చిపోయింది.

చలి ఎక్కువ కావాల్సిన ఆపిల్ రకాలకి ఇది పనిచేస్తుందని చెప్పలేను. పైగా నాది డ్రమ్ములో మొక్క, నల్లమట్టిలో కాదు.