చేప ఒడ్డెక్కిన పాఠం: కోడిరెక్కతో చెప్పి చూడండి

మాది ప్రొద్దుటూరు దగ్గర. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. చేపల నుంచి నాలుగు కాళ్ల జంతువులు ఎట్లా వచ్చాయో బోర్డు మీద బొమ్మలేసి చెప్తే పిల్లల తలకెక్కదు. ఎముక చేతికి అందాలి. ఇది ఇంట్లో మీ పిల్లలతో కూడా చేయొచ్చు.

చేపతో మొదలుపెట్టకండి, పిల్లవాడి చేతితోనే మొదలుపెట్టండి. భుజం నుంచి మోచేయి దాకా తడిమి చూడమనండి: ఒకటే ఎముక. మోచేయి కింద రెండు. ఆ తర్వాత మణికట్టులో చిన్న ఎముకల గుంపు, వేళ్లు. "ఒకటి, రెండు, బోలెడు" అని పైకి అనిపించండి. పాఠమంతా ఈ మూడు మాటల మీదే నడుస్తుంది.

ఆదివారం చికెన్ అంగట్లో రెక్కను ముక్కలు కొట్టకుండా అట్లే ఇమ్మనండి. మెత్తగా ఉడకబెట్టి, కండ తీసేసి, ఎముకల్ని వరసగా కాగితం మీద పేర్చండి. అదే ఒకటి, అదే రెండు. చివర వేళ్లు మూడే, అవీ కొంత అతుక్కుని ఉంటాయి. ఒక ఏడు నేను మేక ముందుకాలు తీసుకుపోయాను. "రెండెముకలు ఏవి సార్, ఒకటే ఉందే?" అన్నారు. మేకకు ఆ రెండూ కలిసిపోయి ఉంటాయి. మొదటిరోజే అది చూపిస్తే పిల్లలు తికమక పడతారు, కోడే మేలు. మాంసం ముట్టని పిల్లల్ని బలవంతపెట్టొద్దు, సొంత చెయ్యి చాలు.

ఇప్పుడు చిన్న రోహు ఒకటి, కోయించకుండా తెచ్చుకోండి. మొండేన్ని గట్టిగా పట్టుకుని తలను మాత్రం పక్కకు తిప్పమనండి. తిరగదు. దాని భుజం ఎముకలు పుర్రెకే అతికి ఉంటాయి, మెడ అనేదే లేదు. తర్వాత ముందు వాజాన్ని విప్పి చూపించండి. మన దండచేతిలో ఉన్నట్టు ఒంటి ఎముక కనిపించదు, పొట్టి ఎముకల మీద చీపురుపుల్లల్లాంటి ముళ్లు ఉంటాయి. రోహు మనకు తాత కాదు, దూరపు దాయాది. మన వంశం కండపట్టిన వాజాలున్న చేపలది. 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కిన సీలకాంత్ ఆ చేపల జాతిదే.

ఇక్కడ టిక్టాలిక్ అనే శిలాజ చేప బొమ్మ చూపించండి. 2004లో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో శాస్త్రవేత్త నీల్ షూబిన్ బృందానికి దొరికింది, వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్లు. పొలుసులు, వాజాలు చేపవే. కానీ మెడ ఉంది, తల మొసలి తలలా చదును, కళ్లు నెత్తిన ఉన్నాయి. వాజం లోపల ఒకటి, రెండు, మణికట్టు లాంటి కీళ్లు! ఈ బొమ్మ ముందు కాసేపు ఆగండి. పిల్లలు తమ చెయ్యి వైపు మళ్లీ చూసుకుంటారు. ఏళ్ల తరబడి చూస్తున్నా నాకు అప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఒక తప్పు మాత్రం తప్పకుండా సరిదిద్దండి. ఎండాకాలం పెన్నలో మడుగులు ఇంకిపోవడం చూసిన పిల్లలు కదా, "నీళ్లెండిపోతే చేప కాళ్లు తెచ్చుకుంది" అంటారు. ఏ చేపా కోరుకుని కాళ్లు తెచ్చుకోలేదు. గ్రీన్‌లాండ్‌లో శిలాజంగా దొరికిన అకాంతోస్టెగా అనే తొలినాటి నాలుగు కాళ్ల జంతువుకు ముందు కాళ్లకు ఎనిమిదేసి వేళ్లున్నాయి, మొప్పలూ ఉన్నాయి. అది ఎక్కువగా నీళ్లలోనే బతికింది. అంటే వేళ్లు నేల మీద నడవడానికి ముందే, నీళ్లలోనే ఏర్పడ్డాయి. ఊపిరితిత్తులూ అంతే, అవి కాళ్లకంటే పాతవి.

"కొర్రమీను గాలి పీలుస్తుంది కదా సార్, అదే మన తాతా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. దాని తలలోని గాలి గది చేపల వంశవృక్షంలో వేరే కొమ్మలో విడిగా ఏర్పడింది.

ఇంకొకరు కింద పరిచిన కడప బండను తట్టి, ఇందులో చేప శిలాజం ఉంటుందా అంటారు. ఉండదు. వేంపల్లె వైపు రాళ్లలో పొరలు పొరలుగా గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి, సూక్ష్మజీవులు మిగిల్చినవి. 150 కోట్ల ఏళ్లు దాటినవి. అవి ఏర్పడేనాటికి చేపే లేదని చెప్పండి.