ఇంట్లో చేసిన బీరు నలుగురికీ రుచి చూపించే ముందు జాగ్రత్తలు

• అన్నిటికన్నా ముందు సీసాల సంగతి. పులియడం పూర్తికాకుండా సీసాలో నింపి మూత బిగిస్తే లోపల గ్యాస్ పెరిగి సీసా పేలిపోవచ్చు. గాజు పెంకు కంట్లో పడితే చూపే పోతుంది. అందుకే నింపేముందు రెండు మూడు రోజుల తేడాతో హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే పరికరం) రీడింగ్ చూడండి, అది మారకపోతేనే నింపండి. ఏదైనా సీసా మూత తీయగానే నురగ ఎగదన్నిందా? ఆ బ్యాచ్‌లో మిగతావి ఎవరికీ ఇవ్వొద్దు. బాగా చల్లబరిచి, కళ్లద్దాలూ గ్లవ్సూ వేసుకుని మీరే తెరవండి.

• ఒకరోజు ముందే సీసాలను ఫ్రిజ్‌లో నిలబెడితే ఈస్ట్ అడుక్కి దిగుతుంది. పోసేటప్పుడు అడుగున కాస్త వదిలేయండి.

• ముందు మీరు వాసన చూడండి. వెన్న వాసనో పచ్చి యాపిల్ వాసనో వస్తే ఇంకొన్నాళ్లు ఆగాల్సిందేమో. బూజు కనిపిస్తే మాత్రం మొహమాటం లేకుండా పారబోయండి.

• బార్లీ, గోధుమ, లాక్టోజ్, గింజలు... ఏం వేశారో లేబుల్ మీద రాయండి. ఎలర్జీ ఉన్నవాళ్లకి ఇది ప్రాణం మీది విషయం. ఆల్కహాల్ శాతం కూడా రాయండి: పులియకముందు హైడ్రోమీటర్ రీడింగ్ 1.050, పులిశాక చివరిది 1.010 అయితే తేడాను 131.25తో గుణిస్తే సుమారు 5.25 శాతం.

• గ్లాసులకు సబ్బు మిగిలితే నురగ నిలవదు.

• తేలికవి ముందు, ఘాటైనవి చివర. కొంచెం కొంచెమే పోయండి, మంచినీళ్లు పక్కనే పెట్టండి.

• బండి నడిపేవాళ్లు, గర్భిణులు, మందులు వాడేవాళ్లు వద్దంటే బలవంతం చేయకండి. పిల్లలకు అసలే వద్దు.