అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుల రిజిస్టరు తేడా రాకుండా రాయడం ఎలా

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022 నుంచి ఇదే లెక్క. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. అందుకే ఏ ఖర్చు పార్టీ ఖాతాలో వేయొచ్చు, ఏది అభ్యర్థి నెత్తిన పడుతుంది అన్న దగ్గరే తగాదా అంతా.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నిక కోసమే కొత్త బ్యాంకు ఖాతా తెరవండి. పోస్టాఫీసులోనైనా, సహకార బ్యాంకులోనైనా ఫర్వాలేదు. ఎన్నికల ఏజెంటుతో జాయింటుగా ఉండొచ్చు. ఏజెంటు కాని భార్యతోనో, కొడుకుతోనో కుదరదు. సొంత డబ్బు, పార్టీ ఇచ్చింది, చందాలు అన్నీ ముందు ఈ ఖాతాలో పడాలి, తర్వాతే బయటికి రావాలి.

ఒకే మనిషికి, లేదా ఒకే సంస్థకు, ఎన్నిక మొత్తం మీద 10,000 రూపాయలు మించి నగదు ఇవ్వకూడదు. చాలామంది దీన్ని రోజుకు పదివేలనుకుంటారు. షామియానా అతనికి ఒకరోజు 6,000, వారం తర్వాత ఇంకో 6,000 నగదు ఇచ్చారంటే దాటినట్టే. మళ్లీ పని పడుతుందనుకున్నవాళ్లకు మొదటి బిల్లు నుంచే చెక్కు, లేదా ఆన్‌లైన్ బదిలీ. వాహనంలో 50,000 మించి నగదు పెట్టుకుని తిరిగితే చెక్‌పోస్టులో పట్టుకుంటారు, అది వేరే తలనొప్పి.

రిజిస్టరులో మూడు రంగుల పేజీలుంటాయి: తెల్లవి రోజువారీ ఖర్చుకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకుకు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు దాకా, ఆ రెండు రోజులతో కలిపి, లెక్క రాయాలి. ముందే అచ్చేయించిన కండువాలు, కరపత్రాలు నామినేషన్ తర్వాత పంచితే వాటి ఖరీదూ ఎక్కుతుంది. అభిమాని ఉచితంగా ఇచ్చిన బండికైనా, డీజేకైనా విలువ కట్టి రాయాల్సిందే. తపాలా, రైలు ప్రయాణం లాంటివి తప్ప ప్రతి ఖర్చుకూ వోచరు ఉండాలి. తేదీల వారీగా వరుస నంబర్లు వేసుకోండి.

అసలు దెబ్బ తగిలేది సభల దగ్గర. ఎన్నికల యంత్రాంగం పంపే వీడియో బృందం సభకు రాగానే తేదీ, ఊరు, పార్టీ పేరు కెమెరాకు చెప్పి రికార్డింగ్ మొదలుపెడుతుంది. తర్వాత కుర్చీలు, వేదిక కొలత, కటౌట్లు, వాహనాలు, అన్నీ అందులో పడతాయి. వాటిని జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన రేట్లతో గుణించి ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చుల పరిశీలకుల తరఫున నీడ రిజిస్టరు, అంటే మీ లెక్కకు పక్కనే వాళ్లు రాసుకునే లెక్క, నడుస్తుంది. వీడియోలో 800 కుర్చీలుండి మీ పుస్తకంలో 300 ఉంటే నోటీసు వస్తుంది. 48 గంటల్లో జవాబివ్వకపోతే వాళ్ల లెక్కే మీ లెక్కవుతుంది. కాబట్టి రేట్ల జాబితా మొదటి రోజే తెచ్చుకుని, సభ అయిన రాత్రే రాసేయండి. క్రేన్‌తో వేసిన గజమాల, బాణాసంచా, డప్పులవాళ్లు... మర్చిపోయేవి ఎప్పుడూ ఇవే.

స్టార్ క్యాంపెయినర్ (పార్టీ ముందే పేరిచ్చిన ప్రధాన ప్రచారకర్త) హెలికాప్టర్ ఖర్చు పార్టీది. అయితే అభ్యర్థి అదే వేదికెక్కినా, ఫ్లెక్సీలో అభ్యర్థి ఫొటో ఉన్నా సభ ఖర్చు అభ్యర్థికొస్తుంది. ముగ్గురు అభ్యర్థులు ఎక్కితే మూడు వాటాలు. అనుమతి తీసుకున్న ప్రచార వాహనం షెడ్డులో ఉన్నా తిరిగినట్టే లెక్కేస్తారు. వద్దనుకున్న రోజే రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా చెప్పి పర్మిట్ వెనక్కివ్వండి.

ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు రిజిస్టరు తనిఖీకి పెట్టాలి. పిలిచినా వెళ్లకపోతే వాహనాల అనుమతులు రద్దవుతాయి. ఓటుకు నోటు, మందు మాత్రం ఏ పేజీలోనూ రాసేవి కావు. అవి ఖర్చు కాదు, నేరం.

ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా వివరాల పత్రం, అఫిడవిట్, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు జిల్లా ఎన్నికల అధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. దానికి ముందు 26వ రోజున జరిగే లెక్కల సరిచూపు సమావేశం తప్పించుకోవద్దు, తేడాలు సర్దుకునేందుకు అదే ఆఖరి అవకాశం. డిపాజిట్ పోయిన స్వతంత్రులు ఇక మనకెందుకని ఊరుకుంటారు. సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత వేసే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది.