పెళ్లి కాని భాగస్వామికి వీసా: ఇద్దరూ కలిసి విదేశానికి వెళ్లాలంటే ఏం చేయాలి?

విదేశంలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ కలిసే ఉంటున్నారు, పెళ్లి మాత్రం కాలేదు. ఆఫర్ లెటర్ అందిన సంతోషం పూర్తిగా తీరకముందే టెన్షన్ మొదలవుతుంది: మరి తన సంగతేంటి? చాలా దేశాల్లో దీనికి దారి ఉంది. కాకపోతే పెళ్లైనవాళ్లు ఒక్క సర్టిఫికెట్‌తో చూపించేదాన్ని మీరు ఒక కట్ట కాగితాలతో చూపించాలి. ఆ కాగితాలు అప్పటికప్పుడు పుట్టవు. అందుకే ఆఫర్ ఇంకా రాకపోయినా ఈ పని ముందే మొదలుపెట్టడం మంచిది.

1. ముందు ఆ దేశం రూల్ చూడండి

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే, ఎందుకంటే ఒక్కో దేశానిది ఒక్కో లెక్క.

కెనడాలో దీన్ని 'కామన్ లా' బంధం అంటారు. కనీసం 12 నెలలు ఆపకుండా ఒకే ఇంట్లో కలిసి ఉండాలి. ఆఫీసు పని మీదో, ఇంట్లోవాళ్ల కోసమో కొద్దిరోజులు దూరంగా ఉంటే ఫర్వాలేదు. ఆస్ట్రేలియా 'డి ఫ్యాక్టో' అంటుంది. పార్ట్‌నర్ వీసాకి అక్కడా మామూలుగా 12 నెలల బంధం ఉండాలి. ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాలు బంధాన్ని రిజిస్టర్ చేస్తాయి; అలా చేసుకుంటే ఆ 12 నెలల నిబంధన నుంచి మినహాయింపు దొరకొచ్చు. బ్రిటన్ 2 ఏళ్లు అడుగుతుంది. అయితే 2024 జనవరి 31 నుంచి ఆ 2 ఏళ్లూ ఒకే ఇంట్లో ఉండి తీరాలన్న నిబంధన లేదు. పెళ్లి లాంటి బంధం అన్నాళ్లుగా సాగుతోందని చూపిస్తే చాలు. వేర్వేరుగా ఉంటే ఎందుకు ఉండాల్సి వచ్చిందో మాత్రం చెప్పాలి. నెదర్లాండ్స్ కూడా పెళ్లి కానివాళ్లను ఒప్పుకుంటుంది. ఇద్దరూ అవివాహితులేనని అధికారిక పత్రం అడుగుతుంది.

అమెరికా దగ్గరే చిక్కు. అక్కడ హెచ్-4 లాంటి డిపెండెంట్ వీసా (ఉద్యోగ వీసా మీద వెళ్లేవాళ్ల కుటుంబానికి ఇచ్చేది) పెళ్లైన భార్య లేదా భర్తకీ, పిల్లలకీ మాత్రమే ఇస్తారు. పెళ్లి చేసుకోబోయేవాళ్ల కోసం ఉన్న కె-1 వీసాకి అప్లై చేయాలంటే పిలిచేవాళ్లు అమెరికా పౌరులై ఉండాలి, వెళ్లిన 90 రోజుల్లో పెళ్లి జరగాలి. సహజీవనం చేసేవాళ్లు బి-2 విజిటర్ వీసాకి ప్రయత్నించొచ్చు కానీ దానితో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇలాంటి చోటికి వెళ్తుంటే పెళ్లి విషయం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. వీసా కోసం ఒకరు మరొకరిని తొందరపెట్టడం మాత్రం వద్దు.

2. కంపెనీని రాతపూర్వకంగా అడగండి

రీలొకేషన్ ప్యాకేజీలో (కొత్త చోటికి మారడానికి కంపెనీ ఇచ్చే సాయంలో) చాలాసార్లు 'భార్య/భర్త, పిల్లలు' అనే ఉంటుంది. సంతకం చేయకముందే హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ పెట్టండి: పెళ్లి కాని భాగస్వామి ఇందులోకి వస్తారా? వీసా ఫీజు, టికెట్, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? భాగస్వామికి అక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉంటుందా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. వెళ్లాక నెలల తరబడి ఇంట్లో ఖాళీగా కూర్చోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని విలువ.

3. నెలవారీ పట్టిక వేయండి

కలిసి ఉంటున్నట్టు చూపించడానికి, ఒక కాగితం మీద నెలలన్నీ వరుసగా రాయండి. ప్రతి నెలకీ ఎదురుగా రెండే గడులు: ఎక్కడ ఉన్నాం, దానికి ప్రూఫ్ ఏంటి. జనవరి: పాత ఫ్లాట్, ఇద్దరి పేర్లతో రెంట్ అగ్రిమెంట్. ఫిబ్రవరి: అదే ఫ్లాట్, ఒకరి పేరున కరెంట్ బిల్లు, మరొకరి పేరున అదే అడ్రసుకి వచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్. మార్చి: ఖాళీ. ఆ ఖాళీ గడి దగ్గరే వీసా ఆఫీసర్ ఆగుతారు. దాన్ని ముందు మీరు చూసి, నింపడానికి ఏదైనా వెతకండి.

ఆస్ట్రేలియా అధికారులు నాలుగు కోణాల్లో చూస్తారు: డబ్బు వ్యవహారాలు, ఇంటి నిర్వహణ, నలుగురిలో మీ బంధానికి ఉన్న గుర్తింపు, ఒకరికొకరు కట్టుబడి ఉండటం. ఏ దేశానికి వెళ్తున్నా ఈ నాలుగూ కొలతగా పెట్టుకోండి. జాయింట్ అకౌంట్, ఇన్సూరెన్స్‌లో నామినీగా ఒకరి పేరు ఒకరు రాసుకోవడం, కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, ఇంట్లోవాళ్లతో దిగిన ఫొటోలు, స్నేహితులు రాసిచ్చిన లెటర్లు అన్నీ పనికొస్తాయి. వాట్సాప్ చాట్లు వందల పేజీలు ప్రింట్ తీయకండి, ఎవరూ చదవరు. నెలకి ఒకటి రెండు స్క్రీన్‌షాట్లు, తేదీ కనబడేలా ఉంటే సరిపోతుంది.

4. మీ కథ మీరే రాయండి

ఎప్పుడు కలిశారు, ఎప్పటి నుంచి కలిసి ఉంటున్నారు, ఇకముందు ఏం అనుకుంటున్నారు. ఒకటి రెండు పేజీలు, మామూలు మాటల్లో. ఇద్దరూ విడివిడిగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూసుకోండి. ఒకరు మార్చి అని, మరొకరు మే అని రాస్తే నిజమైన బంధం మీద కూడా అనుమానం వస్తుంది. కెనడాకైతే ఐఎంఎం 5409 అనే ఫారంలో ప్రమాణపూర్వకంగా సంతకాలు చేయాలి.

5. పాత ఫారాలు వెతకండి

ఇంతకుముందు ఏ వీసాకైనా అప్లై చేసినప్పుడు 'సింగిల్' అని టిక్ పెట్టారా? కలిసి ఉంటున్న రోజుల్లోనే అలా రాసి ఉంటే దాన్ని దాచకండి. ఎందుకలా జరిగిందో లెటర్‌లో చెప్పండి. కెనడాలో శాశ్వత నివాసానికి అప్లై చేసినప్పుడు భాగస్వామి పేరు చెప్పకుండా వదిలేస్తే, తర్వాత ఆ మనిషిని స్పాన్సర్ చేయడం చాలా కష్టమవుతుంది. ఎవరికైనా ముందు పెళ్లి అయి ఉంటే విడాకుల పత్రం కచ్చితంగా జత చేయాలి. పత్రాలు వేరే భాషలో ఉంటే సర్టిఫై చేసిన అనువాదం కావాలి.

6. పంపాక

అప్లికేషన్ నడుస్తుండగా ఇల్లు మారినా, పెళ్లి చేసుకున్నా వెంటనే తెలియజేయండి. వీసా వచ్చాక ఆ ఫైలు తీసి పారేయకండి. బ్రిటన్ పార్ట్‌నర్ వీసా మొదట 2 ఏళ్ల 9 నెలలకే ఇస్తారు. పొడిగించుకునేటప్పుడు అక్కడ కలిసి ఉంటున్నట్టు మళ్లీ చూపించాలి. కొత్త ఇంటి అగ్రిమెంట్‌లోనూ, మొదటి కరెంట్ బిల్లులోనూ ఇద్దరి పేర్లూ ఉండేలా చూసుకోండి.